పాత సెడాన్ బేరం: ఏ ఏటి మోడలు గిట్టుబాటు?

కొత్తకోట : పెబ్బేరు సంతలో ఎద్దును బేరమాడే రైతు ముందుగా కొమ్ముల వంక చూడడు. నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అన్నది తేలిన తరువాతనే తువ్వాలు కింద చేతులు కలుస్తాయి. ఆ రైతు తెచ్చిన పల్లికాయను కొనే అడ్తిదారు కూడా అంతే. మచ్చు విప్పి, నాలుగు కాయలు నలిపి, గింజ నిండుదనం, తేమ చూసుకొని గాని ధర పలకడు. ఇంత జాగ్రత్త గల వర్తకులే పాత కారు బేరానికి వచ్చేసరికి రంగుకు, సీటు కవర్లకు, కొత్తగా వేయించిన టైర్ల నలుపుకు లొంగిపోవడం వింతే. క్వింటాలుకు ఇరవై రూపాయల తేడా కోసం పూటంతా వాదించే వ్యక్తి మూడు నాలుగు లక్షల బండిని అరగంటలో ఖాయం చేసుకొని ఇంటికి తెచ్చుకున్న సందర్భాలు బజారులో కొల్లలు.

కొత్తకోట ఒకప్పటి 7వ నంబరు, నేటి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నది. ఒక వైపు హైదరాబాదు, మరొక వైపు కర్నూలు, ఇక్కడి నుంచి చీలి పోయే దారులలో వనపర్తి, ఆత్మకూరు. వారంలో ఒక రోజు రాయచూరు, ఒక రోజు కర్నూలు, నెలకు రెండు మార్లు హైదరాబాదు తిరిగే కమీషను వ్యాపారికి, మిల్లు యజమానికి డిక్కీ గల కారే అనుకూలం. నమూనా సంచులు, లెక్కల పుస్తకాలు డిక్కీలో పడేసి తాళం వేసుకోవచ్చు. ఇంటిల్లిపాదీ తిరుపతి పోవాలన్నా అదే. యాసంగి పల్లి అమ్ముడై చేతిలో రొక్కం ఆడే రోజులలో ఈ కార్లకు వాకబు మొదలవుతుంది. సరుకు హైదరాబాదు, కర్నూలు, బెంగుళూరుల నుంచి దిగుతుంది. ఈ బేరంలో మోసపోవడానికైనా, లాభపడడానికైనా మొదటి మెట్టు ‘మోడలు’ అన్న ఒక్క మాట.

మోడలు అంటే ఏమిటి?

బజారులో ఈ మాటకు మూడు అర్థాలు నడుస్తున్నాయి. బండి తయారైన సంవత్సరం ఒకటి. రిజిస్ట్రేషను అయిన సంవత్సరం మరొకటి. ఆ పేరుతో కంపెనీ విడుదల చేసిన తరం మూడవది. అమ్మేవారు సహజంగా తమకు అనుకూలమైన దానినే చెబుతారు. 2018 నవంబరులో తయారై, షోరూము గోదాములో నిలువ ఉండి, 2019 జనవరిలో రిజిస్ట్రేషను అయిన బండిని ‘పందొమ్మిది మోడలు’ అంటారు. ధర మాత్రం తయారీ సంవత్సరాన్ని బట్టి కట్టడమే న్యాయం. ఇందుకు పెద్ద పరిశోధన అక్కరలేదు. ఆర్.సి. మీద తయారైన నెల, సంవత్సరం అచ్చయి ఉంటాయి.

ఆర్.సి.తో పాటు బండికి కూడా పళ్ళు ఉన్నాయి. సీటు బెల్టు మొదలు దగ్గర కుట్టిన చీటీ మీద దాని తయారీ తేదీ ఉంటుంది. అద్దాల మూలలలో సంవత్సరపు గుర్తు ఉంటుంది. టైరు అంచు మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు అని అర్థం. ఇరవై అయిదు వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పే 2018 బండికి 2021లో తయారైన టైర్లు ఉంటే, ఆ టైర్లు ఎందుకు మార్చవలసి వచ్చిందో అమ్మేవారు చెప్పవలసి ఉంటుంది. నాలుగు తలుపుల అద్దాలలో మూడు 2017వి, ఒకటి 2020ది అయితే ఆ పక్క దెబ్బ తిన్నదేమోనని అనుమానించాలి.

మూడవ అర్థమే అన్నిటికంటె ముఖ్యం. వెనుకటి తరం వర్తకులకు ఈ బాధ లేదు. 1957 నుంచి ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ 2014 మే వరకు నడిచింది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేర్లు మారినప్పుడు ముందు జాలీ, లోపలి పలక మారేవి తప్ప 1489 సి.సి. ఇంజను చాలాకాలం అదే. కాబట్టి సంవత్సరం అంటే కేవలం వయస్సు. పైగా కొత్త కారుకు ఏళ్ళ తరబడి పేరు నమోదు చేసుకొని కాచుకొనవలసిన రోజులవి. కార్ల పంపిణీ, అమ్మకాల మీద 1959 నుంచి ప్రభుత్వ నియంత్రణ ఉత్తర్వు ఉండేది. ఆ కరువులో వాడిన ఫియట్ కొత్తదాని కంటె ఎక్కువ పలికిన రోజులను పాతవారు ఇప్పటికీ చెప్పుకొంటారు. నేడు అట్లా కాదు. ఒకే పేరు గల రెండు బళ్ళ మధ్య ఏడాది తేడా ఉంటే అవి వేరు వేరు యంత్రాలు కావచ్చు. ఒకే ఏడాదిలో ఏప్రిల్‌కు ముందు ఒకటి, తరువాత ఒకటి కూడా కావచ్చు.

డిజైర్ : ఏడాది వారీగా

ఈ ప్రాంతంలో రోడ్డు మీద ఎక్కువగా కనబడేది, సరుకు ఎక్కువగా దొరికేది, బేరం తొందరగా కుదిరేది మారుతి డిజైర్. కనుక దానితో మొదలుపెట్టడం సబబు.

తొలి స్విఫ్ట్ డిజైర్ 2008 మార్చిలో వచ్చింది. పొడవు 4160 మిల్లీమీటర్లు. 2010లో దాని పెట్రోలు ఇంజను 1.3 లీటర్ల నుంచి 1.2 లీటర్ల కె-సిరీస్‌కు మారింది. డీజిలు ఇంజను ఫియట్ వారి 1248 సి.సి. మల్టీజెట్. 2008, 2009 బళ్ళకు పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను ఇప్పటికే నిండిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్సు దానికి అదనం. లక్ష రూపాయలకు దొరుకుతున్నదని ఈ సరుకు మీద చేయి వేసినవారు కొనుగోలు ధరలో గణనీయమైన వంతు మళ్ళీ ఖర్చు పెట్టవలసి వస్తుంది. ఈ తరం ఇంక మెకానిక్కులకు, విడిభాగాల వర్తకులకు తప్ప ఇతరులకు గిట్టుబాటు కాదు.

2012 ఫిబ్రవరిలో వచ్చిన రెండవ తరం తోక కురచది. దీని వెనుక ఒక పన్ను కథ ఉన్నది. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు అయితే 1200, డీజిలు అయితే 1500 సి.సి. లోపు ఇంజను గల కార్లకు ఎక్సైజు సుంకాన్ని నూటికి 24 నుంచి 16కు తగ్గించారు. ఆ గీతలో ఇమడడానికి కంపెనీవారు డిక్కీని కోసి 3995 మిల్లీమీటర్లకు తెచ్చారు. ఫలితంగా డిక్కీలో 316 లీటర్ల చోటే మిగిలింది. సుంకం ఆదా అయినది గాని పెద్ద పెట్టె పట్టదు. ఈ తరంలో 2015 ఫిబ్రవరి తరువాత వచ్చిన, కొద్దిపాటి మార్పులు చేసిన బళ్ళు మేలు. అయితే కింది రకాలలో చాలా వాటికి ఎయిర్ బ్యాగులు గాని, ఎ.బి.ఎస్. బ్రేకులు గాని లేవన్నది మరువరాదు.

2017 మేలో మూడవ తరం వచ్చింది. ఇక్కడ సరుకు స్థాయి ఒక్కసారి పెరిగింది. అన్ని రకాలకు రెండు ఎయిర్ బ్యాగులు, ఎ.బి.ఎస్. తప్పనిసరిగా ఇచ్చారు. బరువు తగ్గింది, డిక్కీ 378 లీటర్లకు పెరిగింది. బేరగాళ్ళు ‘కొత్త షేపు’ అని పిలిచేది దీనినే. 2020 మార్చిలో ఇదే ఒంటికి కొత్త పెట్రోలు గుండె పెట్టారు. శక్తి 83 నుంచి 90 పి.ఎస్.కు పెరిగింది, మైలేజీ మెరుగైంది. డీజిలు మాత్రం అంతటితో ఆగిపోయింది. 2022 మార్చిలో సి.ఎన్.జి. రకం చేరింది. 2024 నవంబరులో వచ్చిన నాలుగవ తరంలో నాలుగు సిలిండర్ల స్థానే మూడు సిలిండర్ల ఇంజను వచ్చింది. ఆరు ఎయిర్ బ్యాగులు అన్ని రకాలకు ఇచ్చారు. గ్లోబల్ ఎన్.సి.ఎ.పి. ఢీకొనే పరీక్షలో అయిదు నక్షత్రాలు పొందిన మొదటి మారుతి బండి అదే.

ఈ వరుసను చూసినప్పుడు పెట్రోలు కోరేవారికి 2021లో తయారైన బండి నడిమి మేలుగా కనబడుతున్నది. తొలి ఏళ్ళలోని పెద్ద తరుగుదల మొదటి యజమాని భరించేశాడు. కొత్త ఇంజను వచ్చి ఏడాది గడిచింది. రిజిస్ట్రేషను 2036 వరకు ఉంటుంది. పోతే, 2020 మొదటి మూడు నెలల్లో రిజిస్ట్రేషను అయిన వాటితో జాగ్రత్త అవసరం. మార్చి 31 తరువాత బి.ఎస్.4 బళ్ళు అమ్మరాదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో ఆదేశించినందున డీలర్లు నిలువ సరుకును తగ్గింపు ధరలకు వదిలించుకున్నారు. ఆర్.సి.లో 2020 అని ఉన్నా లోపల ఉన్నది 2019 నాటి పాత ఇంజనే. అది చెడ్డ బండి కాదు. 2020 ధరకు కొనకూడదు, అంతే.

డీజిలా, పెట్రోలా?

ఈ ప్రశ్న తిరిగే కిలోమీటర్లతోనే తేలాలి. 2024 మార్చి తగ్గింపు తరువాత హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 రూపాయల పైచిల్లర, డీజిలు 95 రూపాయల పైచిల్లర పలికింది. ఆ ధరల మీద లెక్క చూద్దాం. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే వ్యాపారికి పెట్రోలు బండి లీటరుకు 16 ఇస్తే సుమారు 10,000 రూపాయలు, డీజిలు బండి 20 ఇస్తే సుమారు 7,200 రూపాయలు ఖర్చు. ఏడాదికి ముప్పై నాలుగు వేల దాకా మిగులు. నెలకు 500 కిలోమీటర్లే తిరిగేవారికి ఆ మిగులు పన్నెండు వేలకు మించదు. పాత డీజిలుకు ఇంజెక్టర్లో, టర్బోలో ఒక్కసారి చేయి పెట్టవలసి వస్తే రెండు మూడేళ్ళ మిగులు ఆ రోజే హరించుకుపోతుంది.

కాబట్టి రాయచూరు, హైదరాబాదు దారులు నిత్యం కొలిచేవారికి 2018 ద్వితీయార్ధం, 2019 డీజిలు డిజైర్ ఇంకా మంచి బేరమే. ఆ మల్టీజెట్ ఇంజనుకు టైమింగ్ బెల్టు బదులు గొలుసు ఉన్నది. సందు గరాజులలో కూడా దాని మర్మం తెలిసినవారు ఉన్నారు. కొత్త డీజిలు సెడాన్ కొందామన్నా సామాన్య ధరలలో దొరకదు. బి.ఎస్.6లో కూడా కొనసాగిన హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా డీజిళ్ళు 2023 కల్లా నిలిచిపోయాయి. ఆ బి.ఎస్.6 డీజిళ్ళలో పొగ మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. దూర ప్రయాణాలలో అది తనంతట తాను శుభ్రపడుతుంది. ఇంటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి గంజికి తిరిగే బండిలో అది మూసుకుపోయి ఖర్చు తెస్తుంది.

పెట్రోలు వైపు చూసేవారికి ఇప్పుడు ఇథనాలు చిక్కు వచ్చింది. నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా పంపులలో నిండింది. దీనికి తగిన రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు 2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్ళలో ఉన్నాయి. అంతకు ముందు బళ్ళలో కొన్నిటికి మైలేజీ నూటికి 3 నుంచి 6 వరకు తగ్గవచ్చునని, 20-30 వేల కిలోమీటర్ల తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని, అది స్వల్ప ఖర్చేనని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ చెప్పింది. బండిని నాలుగైదేళ్ళు వాడి మార్చేవారు దీనికి అంతగా బెదరనక్కరలేదు. పదేళ్ళు అట్టిపెట్టుకొనేవారు మాత్రం ఇంకొంత పెట్టి 2023 ద్వితీయార్ధం బండి చూసుకోవడం మంచిది. (2023-24 నుంచి ఆ ఇథనాలుకు ప్రధాన ముడిసరుకు మక్కజొన్నే కావడం వల్ల, మక్కల వర్తకులు ఒక జేబులో పోగొట్టుకున్నది మరొక జేబులో రాబట్టుకుంటున్నారని బజారులో చమత్కారం.)

ఇతర సరుకు

టొయోటా ఇటియోస్ 2010 డిసెంబరులో వచ్చి 2020లో ఆగిపోయింది. చూపుకు సాదా. డిక్కీ మాత్రం 595 లీటర్లు, అంటే నేటి డిజైర్‌కు ఒకటిన్నర రెట్లు. పెట్రోలు 1496, డీజిలు 1364 సి.సి. లక్ష కిలోమీటర్లు దాటినా ఇంజను మొరాయించదన్న పేరు ఉన్నది. వర్తకుడి పనికి ఇంతకు మించిన బండి ఆ ధరలో లేదని చెప్పవచ్చు. 2016 సెప్టెంబరులో మార్పులు చేసి విడుదల చేసిన ‘ప్లాటినం’ తరువాతి బళ్ళు, అందులోనూ 2017 - 2019 మధ్యవి శ్రేష్ఠం. చిక్కంతా ఒకటే. ఈ బళ్ళలో చాలా భాగం ట్యాక్సీలుగా తిరిగినవి. పసుపు పలక తీసి తెల్ల పలక వేయించినంత మాత్రాన తిరిగిన రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగి రావు. మీటరు వెనక్కు తిప్పడం కష్టమైన పని కాదు. బ్రేకు పెడలు రబ్బరు, స్టీరింగు పట్టు, డ్రైవరు సీటు అంచు అబద్ధం చెప్పవు. ఆర్.సి. చరిత్రలో అది మోటారు క్యాబుగా ఉన్నదేమో చూడాలి. కంపెనీ సర్వీసు కేంద్రంలో బండి నంబరు చెబితే చివరి సర్వీసు నాటి కిలోమీటర్లు తెలుస్తాయి.

హోండా సిటీ కొంచెం పెద్ద చేతి సరుకు. 1998 జనవరిలో మొదలై, 2003, 2008, 2014, 2020లలో తరాలు మారింది. 2014 జనవరి తరంలో మొదటిసారి డీజిలు వచ్చింది. ఎగువ సెడాన్ కోరేవారికి 2017 ఫిబ్రవరి మార్పుల తరువాతి పెట్రోలు బండి, అంటే 2017 నుంచి 2019 వరకు, ధైర్యంగా చూడదగినది. ఆ బళ్ళలో రెండు ఎయిర్ బ్యాగులు, ఎ.బి.ఎస్. అన్ని రకాలకు ఉన్నాయి. 2012, 2013 సిటీలకు ఒక మెలిక ఉన్నది. తకాటా అనే జపాను కంపెనీ ఎయిర్ బ్యాగుల లోపం ప్రపంచమంతటా కోట్లాది బళ్ళను వెనక్కు పిలిపించిన సంగతి విదితమే. భారతదేశంలో కూడా 2012లో తయారైన సిటీ తదితర బళ్ళను 2017 జనవరిలో, 2013లో తయారైన వాటిని 2018 జనవరిలో హోండా వెనక్కు పిలిచి ఆ భాగం ఉచితంగా మార్చింది. కొనబోయే బండికి మార్చారో లేదో ఛాసిస్ నంబరు ఇచ్చి తెలుసుకోవచ్చు. మార్చకుండా తిరుగుతున్నది ఎంత తక్కువకు వచ్చినా ముందు ఆ పని చేయించాలి.

మారుతి సియాజ్ 2014 అక్టోబరులో వచ్చింది, 2025లో ఆగింది. 2018 ఆగస్టు తరువాతి 1.5 లీటర్ల పెట్రోలు మంచి నెమ్మది గల బండి. వోక్స్‌వాగన్ వెంటో, స్కోడా రాపిడ్‌ల తొక్కు గట్టిది గాని 2015 వరకు తయారైన డీజిళ్ళు, పొగ లెక్కల వివాదంలో ఆ ఏడాది డిసెంబరులో కంపెనీ వెనక్కు పిలుస్తున్నట్లు ప్రకటించిన మూడు లక్షలకు పైగా బళ్ళలోనివేమో చూసుకోవాలి. కంపెనీయే తరలిపోయిన సరుకు చవకగా దొరుకుతుంది. షెవ్రోలె అమ్మకాలు 2017తో ఆగాయి. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపుతున్నట్లు ప్రకటించింది. వీటిలో మంచి బళ్ళు లేకపోలేదు. కాని చిన్న భాగానికి కూడా హైదరాబాదుకు ఫోను చేసి ఎదురుచూడవలసిన ఊరిలో ఆ చవక చవక కాదు.

ప్రాణానికి సంబంధించిన ఏళ్ళు

నాలుగు వరుసల రహదారి పక్కనే ఉన్న ఊరికి వేగం కొత్త కాదు. దాని ఫలితమూ కొత్త కాదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున ఈ మండలంలోని పాలెం వద్ద బస్సు కల్వర్టును ఢీకొని దగ్ధమై 45 మంది మరణించిన ఘటనను ఇక్కడివారు మరువలేదు. కారు కొనేవారు రెండు మూడు తేదీలు జ్ఞాపకం పెట్టుకొంటే చాలు. 2019 ఏప్రిల్ నుంచి అన్ని కార్లకు ఎ.బి.ఎస్., ఆ ఏడాది జూలై నుంచి డ్రైవరు ఎయిర్ బ్యాగు తప్పనిసరి అయ్యాయి. పక్క సీటుకు కూడా తప్పనిసరి అన్న నిబంధన పాత మోడళ్ళకు 2021 డిసెంబరు 31తో పూర్తిగా అమలుకు వచ్చింది. అంతకు ముందు బండి అయితే రకం పేరు అడిగి, ఏమి ఉన్నదో కళ్ళారా చూడాలి. ఎయిర్ బ్యాగు ఒకసారి పేలిన బండికి పైమూత అతికించి అమ్మేవారున్నారు. తాళం తిప్పగానే ఆ దీపం వెలిగి కొద్ది క్షణాలకు ఆరాలి. వెలగనే వెలగకపోతే అనుమానించవలసిందే.

వాననీటిలో మునిగిన బళ్ళ సంగతి వేరు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వర్షాలకు హైదరాబాదులో ఎన్నో బళ్ళు నీటిపాలైనాయి. అందుచేత అంతకు ముందు తయారై, హైదరాబాదు నంబరు గల బండిని చూసేటప్పుడు సీటు బెల్టును చివరిదాకా లాగి మడతలలో ఒండ్రు జాడ వెతకాలి. తివాచీ ఎత్తి కింద తుప్పు చూడాలి. స్పేరు టైరు గుంటలో వాసన చూడాలి. సెంటు కొట్టిన బండి కంటె దుమ్ము పట్టిన బండిని నమ్మవచ్చు.

ధర కట్టేటప్పుడు

2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన జి.ఎస్.టి. తగ్గింపు పాత సరుకు ధరలను కూడా కదిలించింది. చిన్న పెట్రోలు సెడాన్ మీద అంతకు ముందు పన్ను, సెస్సు కలిపి నూటికి 29. ఇప్పుడు 18. ఫ్యాక్టరీ ధర అట్లాగే ఉన్నదనుకుంటే షోరూము ధర నూటికి ఎనిమిదిన్నర తగ్గినట్లు. అంటే ఎనిమిది లక్షల బండి ఏడు లక్షల ముప్పై రెండు వేలకు దిగినట్లు. సిటీ వంటి పెద్ద సెడాన్ మీద 45 నుంచి 40కి మాత్రమే తగ్గింది కనుక అక్కడ తేడా నూటికి మూడున్నర లోపే. 2023లో తాము చెల్లించిన ఇన్వాయిసు చూపి, ఇంత తగ్గించి ఇస్తున్నామని చెప్పే అమ్మకందారుకు జవాబు ఇదే. లెక్క నేటి కొత్త బండి ధర నుంచి కిందికి రావాలి గాని, నాటి ధర నుంచి కాదు. నిలువ సరుకుకు బజారు ధర కట్టే వర్తకులకు ఇది వివరించనక్కరలేదు.

బెంగుళూరు బండి యాభై వేలు తక్కువకు వస్తున్నదని తెచ్చుకొనేవారు అక్కడి ఆర్.టి.ఒ. నుంచి నిరభ్యంతర పత్రం, ఇక్కడ వయస్సును బట్టి కట్టవలసిన జీవిత పన్ను కలుపుకొని చూడాలి. 2018 తరువాత ఢిల్లీ నుంచి దిగిన పదేళ్ళ డీజిళ్ళ విషయంలో కూడా ఇట్లాగే చవక అనుకొని దిగినవారికి పన్ను రసీదుతో కళ్ళు తెరుచుకున్నాయి. నంబరు పలక కూడా కొంత కథ చెబుతుంది. ఎ.పి. 22 అంటే ఉమ్మడి రాష్ట్రపు మహబూబ్‌నగర్ బండి, 2014 జూన్‌కు ముందుది. టి.ఎస్. 06 ఆ తరువాతది. టి.ఎస్. 32 అంటే 2016 అక్టోబరులో వనపర్తి జిల్లా ఏర్పడిన తరువాతది. 2024 మార్చి నుంచి టి.జి. వచ్చింది. ఎ.పి. 22 పలక ఉన్న బండిని ‘పదహారు మోడలు’ అన్నవారితో బేరం అక్కడే ముగించవచ్చు.

భీమా పత్రంలో ‘నో క్లెయిమ్ బోనస్’ గడి చూడడం ఒక సులువైన పరీక్ష. క్లెయిము లేని ఏళ్ళు పెరిగే కొద్దీ అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒకే యజమాని చేతిలో ఆరేళ్ళున్న బండికి బోనసు సున్నా అని ఉంటే ఈ మధ్యనే క్లెయిము జరిగి ఉండాలి, లేదా భీమా మధ్యలో తెగి ఉండాలి. ఆ బోనసు యజమానిది గాని బండిది కాదు. కొన్నవారికి అది సంక్రమించదు.

ఫర్ము పేరున ఉన్న కారును అమ్మేవారికి మరొక లెక్క ఉన్నది. జి.ఎస్.టి. నమోదు గల వ్యాపారి పాత కారు అమ్మితే లాభపు తేడా మీద 18 శాతం పన్ను అన్నది 2025 జనవరి 16 నుంచి అన్ని రకాల కార్లకు వర్తిస్తున్నది. తరుగుదల రాసుకున్న బండి అయితే ఆ తేడాను పుస్తకపు విలువ నుంచి లెక్కించాలి. ఉదాహరణకు తొమ్మిది లక్షలకు కొని, నాలుగేళ్ళు ఏటా 15 శాతం చొప్పున తరుగుదల తీసివేస్తే పుస్తకంలో మిగిలేది సుమారు 4 లక్షల 70 వేలు. అయిదున్నర లక్షలకు అమ్మితే తేడా 80 వేలు, దాని మీద పన్ను సుమారు 14,400 రూపాయలు. పుస్తకపు విలువ కంటె తక్కువకు అమ్మితే పన్ను లేదు. సొంత పేరున ఉన్న, వ్యాపారానికి సంబంధం లేని కారును అమ్ముకొనేవారికి ఈ పన్ను వర్తించదు.

చివరగా కాగితాలు. 29, 30 ఫారాల మీద సంతకం పెట్టి, తాళాలు ఇచ్చి, రొక్కం లెక్కపెట్టుకొని మరిచిపోయే అలవాటు ఈ బజారులో ఇంకా ఉన్నది. ఆర్.సి.లో పేరు మారనంత వరకు ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్ట్రేషను ఉన్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. బండి ఆ మధ్యలో ఎన్ని చేతులు మారినా అంతే. నమోదైన పాత కార్ల డీలర్లకు బండి అప్పగించినట్లు ఆన్‌లైన్‌లో తెలియజేసే పద్ధతి 2023 ఏప్రిల్ 1 నుంచి ఉన్నది. అమ్మినవారు పదునాలుగు రోజులలో ఆర్.టి.ఒ.కు తెలపాలి. కొన్నవారు ముప్పై రోజులలో పేరు మార్పించుకోవాలి. భీమాను తమ పేరుకు మార్చమని పదునాలుగు రోజులలో కంపెనీకి రాయకపోతే, ఎదుటివారికి జరిగిన నష్టానికి తప్ప సొంత బండి దెబ్బకు పైసా రాదు.